చంద్రపూర్ ఎండలో రోసేసియా

మహారాష్ట్రలోని విదర్భలో ఎండలు ముదిరితే ఎవరి మొహమైనా మండుతుంది. చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. 2019 మే చివర్లో 48 దాకా వెళ్లింది. నగరం చుట్టూ బొగ్గు గనులు, దుర్గాపూర్ పక్కన భారీ థర్మల్ విద్యుత్ కేంద్రం, ఘుగ్గూస్, గడ్‌చాందూర్ దిక్కున సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టినప్పుడు అత్యంత కలుషితమైన వాటిలో చంద్రపూర్ నాలుగోది. ఇలాంటి చోట బుగ్గలు ఎర్రబారి చురచురలాడుతుంటే ఎండ అనో, దుమ్ము అనో, ఒంట్లో వేడి చేసిందనో అనుకుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. నీడకు వచ్చి చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని, ఇంత మజ్జిగ తాగితే కాసేపట్లో సర్దుకుంటుంది. కొందరికి మాత్రం సర్దుకోదు. వర్షాలు పడ్డా, చలికాలం వచ్చినా బుగ్గల మీద ఆ రంగు, ఆ మంట అలాగే ఉండిపోతాయి. అలాంటివాళ్లలో కొంతమందికి ఉన్నది రోసేసియా అనే చర్మవ్యాధి.

చంద్రపూర్ జిల్లా తెలుగువాళ్లకు పరాయిది కాదు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. సరిహద్దు గీత జరిగింది గానీ చుట్టరికాలు తెగలేదు. బల్లార్‌పూర్‌లో, ఘుగ్గూస్‌లో, సాస్తి గనుల దగ్గర పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల మూలాలున్న కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. బొగ్గుబాయి పని, ఫ్యాక్టరీ పని, హోటల్లో పొయ్యి దగ్గర పని, ఎండన పడి కూలి: అన్నీ మొహానికి వేడి తగిలే పనులే. ఈ జబ్బు గురించి పుస్తకాల్లో ఉన్న జ్ఞానంలో ఎక్కువ భాగం యూరప్, అమెరికాల్లోని తెల్లచర్మాన్ని చూసి రాసింది. అందులో మనకు పనికొచ్చేదెంత, మన దగ్గరికి వచ్చేసరికి మారిపోయేదెంత అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ముందు జబ్బు స్వరూపం. రోసేసియా మొహం మధ్యభాగంలో వస్తుంది: బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదురు. ఎక్కువగా 30 ఏళ్లు దాటాక మొదలవుతుంది. తొలిదశలో మొహం ఉన్నట్టుండి వేడెక్కి ఎర్రబడి కాసేపటికి చల్లారుతుంది. కొంతకాలానికి ఎరుపు నిలిచిపోతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. కొందరికి ఎర్రటి పొక్కులు, చీము పొక్కులు లేస్తాయి. వీటిని మొటిమలనుకుంటారు. కానీ మొటిమల్లో కనిపించే నల్లటి మొనలు రోసేసియాలో ఉండవు. మరికొందరికి, ముఖ్యంగా మగవాళ్లకు, ముక్కు మీది చర్మం మందమై గడ్డలు కట్టినట్టు అవుతుంది. కళ్లకూ వస్తుంది: రెప్పల అంచులు ఎర్రబడి వాచడం, ఇసుక పడ్డట్టు గరగర, నీరు కారడం. 2002లో అమెరికాలోని నేషనల్ రోసేసియా సొసైటీ దీన్ని నాలుగు రకాలుగా విడగొట్టింది. ఒకే మనిషిలో రెండు మూడు రకాలు కలిసి కనిపిస్తుండటంతో, 2017 నుంచి రకం పేరు పెట్టడం కన్నా ఏ మనిషిలో ఏ లక్షణాలున్నాయో చూడటం మేలనే పద్ధతి బలపడింది.

ఇది అరుదైన జబ్బు కాదు. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 5.5 శాతం మందికి ఉంది. అయినా గోధుమరంగు, చామనచాయ, నలుపు చర్మాల వాళ్లలో ఇది అరుదని వైద్యులు చాలాకాలం నమ్మారు. అమెరికాలో 1993 నుంచి 2010 దాకా రోసేసియా పేరుతో డాక్టర్ల దగ్గర నమోదైన రోగుల్లో నల్లవాళ్లు 2 శాతం, ఆసియా మూలాలవాళ్లు 2.3 శాతం మాత్రమే. ఈ అంకెలు వాళ్లకు జబ్బు తక్కువని చెబుతున్నాయా, లేక వాళ్ల జబ్బును ఎవరూ గుర్తించలేదని చెబుతున్నాయా? రెండూ కొంత నిజమన్నది ఇప్పటి చర్మవైద్యుల అభిప్రాయం. లేత చర్మం ఎండను ఆపలేదు కాబట్టి తెల్లవాళ్లలో ఎక్కువే ఉండొచ్చు. కానీ మెలనిన్ దట్టంగా ఉన్న చర్మం ఎరుపును దాచేస్తుంది. ఎరుపుకు బదులు బుగ్గలు ముదురు గోధుమగానో, ఊదాగానో కనిపిస్తాయి. దాన్ని చూసి మంగు అనేస్తారు, ఎండకు నల్లబడిందంటారు.

అందుకే మన చర్మంలో కళ్లకు కనిపించేదాని కన్నా రోగి చెప్పేది ముఖ్యం. మొహం కడుక్కుంటే మంట. కొత్త క్రీము ఏది రాసినా సూదులు గుచ్చినట్టు నొప్పి. పొయ్యి దగ్గర నిలబడితే చెవులదాకా ఆవిరి కొట్టినట్టు వేడి. ఒకప్పుడు పడిన సబ్బు ఇప్పుడు పడకపోవడం. ఈ మాటలు వినిపించినప్పుడు డాక్టరు మంచి వెలుతురులో చూడాలి, గాజుపలకతో నొక్కితే రంగు వెలిసిపోతుందో లేదో గమనించాలి, చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపుతో రక్తనాళాలు వెతకాలి. ఇది తెల్లవాళ్ల జబ్బు అన్న మాట మన దగ్గర చేసే చెడు చిన్నది కాదు. డాక్టరుకు అనుమానమే రాకపోతే రోగికి ఏళ్ల తరబడి వేరే జబ్బుల మందులు పడుతూనే ఉంటాయి.

ఇక కారణాలు. ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఒక మనిషి చర్మం ఎందుకు ఇలా తయారైంది అన్నది ఒకటి. తయారైన చర్మాన్ని ఇవాళ ఏది రెచ్చగొట్టింది అన్నది మరొకటి. గడ్డివాము తగలబడితే నిప్పురవ్వ ఎక్కణ్నుంచి వచ్చిందని అడుగుతాం. గడ్డి అంత ఎండి ఎందుకుందని కూడా అడగాలి. మిరపకాయ తినడం వల్ల రోసేసియా వచ్చింది అనేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. మిరప రెచ్చగొడుతుంది. జబ్బును పుట్టించేది వేరే.

పుట్టించే వాటిలో వంశపారంపర్యం వాటా గట్టిదే. కవలల మీద జరిగి 2015లో వెలువడిన ఒక అధ్యయనం, రోసేసియా తీవ్రతలో సుమారు 46 శాతం జన్యువులది, మిగతాది పరిసరాలదీ జీవనవిధానానిదీ అని లెక్కగట్టింది. అదే ఏడాది 22 వేలకు పైగా మంది జన్యువులను పరిశీలించిన మరో పరిశోధన, రోగనిరోధక శక్తిని నడిపే జన్యువులున్న చోటే రోసేసియాకు సంబంధించిన తేడాలను పట్టుకుంది. ఆ పరిశోధనలో పాల్గొన్నవాళ్లు యూరప్ మూలాలవాళ్లు. అందులో దొరికిన గుర్తులను మన వాళ్లకు యథాతథంగా అన్వయించడం తొందరపాటే అవుతుంది.

రోగనిరోధక శక్తి దగ్గరే అసలు కథ ఉంది. చర్మం తనను తాను కాపాడుకోవడానికి కాథెలిసిడిన్ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. కాలిక్రైన్ 5 అనే ఎంజైము దాన్ని కోసి, ఎల్‌ఎల్-37 లాంటి చిన్న ముక్కలుగా మారుస్తుంది. ఆ ముక్కలు క్రిములను చంపుతాయి. 2007లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో రిచర్డ్ గాలో బృందం, రోసేసియా రోగుల మొహంలో కాథెలిసిడినూ ఎక్కువే, దాన్ని కోసే ఎంజైమూ ఎక్కువే అని చూపించింది. కోత ఎక్కువై, ఉండకూడని ముక్కలు కూడా పోగుపడి, వాపును రగిలిస్తాయి, కొత్త రక్తనాళాలు పుట్టిస్తాయి. ఆ ముక్కలను ఎలుకల చర్మంలోకి ఎక్కిస్తే రోసేసియా లాంటి వాపే వచ్చింది. ఎండ ఈ జబ్బును ఎందుకు పెంచుతుందో కూడా దీంతో కొంత అర్థమైంది. ఎండలోని యూవీ-బీ కిరణాలు పడ్డప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్ డి, కాథెలిసిడిన్ ఉత్పత్తిని పెంచుతుంది. మామూలు చర్మానికి అది రక్షణ. ఈ చర్మానికి అదే చేటు.

రెండో పాత్రధారి డెమొడెక్స్ అనే పురుగు. కంటికి కనిపించనంత చిన్నది, మిల్లీమీటరులో సగం కూడా పొడవుండదు. పెద్దవాళ్లలో దాదాపు అందరి మొహం మీదా రోమకూపాల్లో ఉంటుంది, మామూలుగా హాని చేయదు. రోసేసియా ఉన్నవాళ్లలో దాని సాంద్రత బాగా ఎక్కువని అనేక అధ్యయనాలు చెప్పాయి. పురుగులు పెరగడం వల్ల వాపు వచ్చిందా, వాపు వల్ల పురుగులకు అనువైన చోటు దొరికిందా అన్న వాదన పూర్తిగా తేలలేదు. అయితే పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీముకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది, పొక్కులున్న రోసేసియాలో అది బాగా పనిచేస్తోంది. ఆ మందుకు వాపు తగ్గించే గుణం కూడా ఉంది కాబట్టి, పనిచేసినంత మాత్రాన పురుగే దోషి అని తీర్పు చెప్పలేం. ఇంకో మాట: ఇది మురికి వల్ల వచ్చే పురుగు కాదు. శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చిందని రోగిని నిందించడం అన్యాయం.

మూడోది నరాలు. చంద్రపూర్‌కు అన్నిటికన్నా దగ్గరైన శాస్త్రం ఇదే. మన చర్మంలోని నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని కనిపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. మిరపలోని కాప్సైసిన్ తగిలినా, వేడి సుమారు 43 డిగ్రీలు దాటినా ఆ గ్రాహకం మేలుకుని మంట అనే సంకేతం పంపుతుంది. కారం నోట్లో మండినట్టు అనిపించడానికీ, వేడి వస్తువు తగిలితే మండటానికీ తలుపు ఒకటే అన్నమాట. ఆ నరాలు మెదడుకు సంకేతం పంపి ఊరుకోవు, చుట్టూ ఉన్న రక్తనాళాలను వెడల్పు చేసే రసాయనాలను కూడా వదులుతాయి. రోసేసియా చర్మంలో ఈ జాతి గ్రాహకాలు మామూలు కన్నా ఎక్కువగా ఉన్నాయని పరిశోధకులు చూశారు. వాపున్న చోట అవి తక్కువ వేడికే మేలుకుంటాయి కూడా. ఊరందరికీ భరించదగ్గ వేడి వీళ్లకు భరించరానిదిగా ఎందుకుంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్లు, తోటి పనివాళ్లు ‘అందరం ఎండలోనే ఉన్నాం కదా, నీకొక్కడికేనా’ అని కొట్టిపారేయకూడదు.

పేగులకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందన్న పరిశోధనలు కొన్నున్నాయి. 2008లో ఇటలీ వైద్యులు, చిన్నపేగులో బాక్టీరియా అతిగా పెరిగిన రోసేసియా రోగులకు దానికి మందిస్తే మొహం కూడా బాగుపడిందని రాశారు. కడుపులో ఉండే హెలికోబాక్టర్ అనే బాక్టీరియా గురించి వచ్చిన ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. మొహం ఎర్రగా ఉంది కాబట్టి కడుపు శుద్ధి చేయించుకోవాలని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

రెచ్చగొట్టే వాటి సంగతికి వద్దాం. నేషనల్ రోసేసియా సొసైటీ 1,066 మంది రోగులను అడిగి తయారుచేసిన జాబితా లోకమంతా తిరుగుతోంది. అందులో ఎండ 81 శాతం, మానసిక ఒత్తిడి 79, వేడి వాతావరణం 75, గాలి 57, శ్రమతో కూడిన వ్యాయామం 56, మద్యం 52, వేడినీళ్ల స్నానం 51, కారం మసాలాలు 45. ఇవి రోగులు తమ అనుభవం నుంచి చెప్పినవి, ప్రయోగంలో తేల్చినవి కావు. పైగా అమెరికన్ రోగి ఎండను వదిలించుకోవాలంటే బీచికి వెళ్లడం మానేస్తే సరిపోతుంది. ఓపెన్‌కాస్టు గని మీద డంపర్ నడిపే మనిషికి ఎండ అతని ఉద్యోగంలోనే ఉంది. ఆ జాబితాను ఫొటోకాపీ తీసి చేతిలో పెడితే అతనికి ఒరిగేదేమీ ఉండదు.

ఎండనూ వేడినీ కూడా విడివిడిగా చూడాలి. యూవీ కిరణాలకు గొడుగు, టోపీ, సన్‌స్క్రీన్ అడ్డం పడతాయి. వేడికి అవేవీ పూర్తిగా అడ్డం పడవు. పొయ్యి దగ్గరా, బట్టీ దగ్గరా యూవీ లేదు, వేడి ఉంది. గాలి ఆడని చిన్న వంటింట్లో, పెనం మీదికి వంగి రోజుకు రెండు పూటలా జొన్నరొట్టెలో చపాతీలో కాల్చే ఆమె బుగ్గలకు తగిలే సెగ తక్కువేమీ కాదు. ఆమె బయటికి వెళ్లదు కాబట్టి ఎండ తగలడం లేదని రాసుకుని డాక్టరు ముందుకు వెళ్లిపోతే, అసలు కారణం వంటింట్లోనే ఉండిపోతుంది. మిర్చి గిర్నీలో పనిచేసేవాళ్లకు వేడీ కాప్సైసినూ రెండూ కలిసి తగులుతాయి. కూలర్ పెట్టిన చల్లటి గదిలోంచి ఒక్కసారి 45 డిగ్రీల వాకిట్లోకి రావడం, మళ్లీ లోపలికి పోవడం కూడా ఈ రక్తనాళాలు తట్టుకోలేవు.

తిండి విషయంలో చంద్రపూర్‌ది రెండు రాష్ట్రాల కారం. ఒకపక్క ఠేచా అనే మిర్చి పచ్చడి, ఘాటైన సావజీ కూర, తర్రీ అనే కారం పులుసు పోసిన పోహా. ఇంకోపక్క మన ఎండుమిర్చి పచ్చళ్లు. రోసేసియా అనగానే వీటన్నిటినీ మానెయ్యమనడం సులువు. కానీ కారం అందరినీ రెచ్చగొట్టదు. ఆ సర్వేలోనే సగానికి పైగా మంది దాని పేరు చెప్పలేదు. రెండు మూడు వారాలు ఏం తిన్నాక, ఎక్కడ నిలబడ్డాక మొహం మండిందో ఒక కాగితం మీద రాసుకుంటే, తనకు పడనిదేదో రోగికే తెలుస్తుంది. మిగతావన్నీ తినొచ్చు. టీ, కాఫీల మీద పడ్డ నింద అయితే ఎప్పుడో తొలగిపోవాల్సింది. 1981లో జొనాథన్ విల్కిన్ చేసిన ప్రయోగంలో వేడి కాఫీకి మొహం ఎర్రబడింది, ఉత్త వేడినీళ్లకూ ఎర్రబడింది, చల్లారిన కాఫీకి ఎర్రబడలేదు. అంటే తప్పు వేడిది, కెఫీన్‌ది కాదు. అమెరికాలో 82 వేలకు పైగా నర్సుల మీద సాగి 2018లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు నాలుగు కప్పులు లేదా అంతకు మించి కాఫీ తాగేవాళ్లకు రోసేసియా కాస్త తక్కువగానే కనిపించింది. కాబట్టి చాయ్ మానక్కర్లేదు, కొంచెం ఆరనిచ్చి తాగితే చాలు.

మద్యం గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. అది మొహాన్ని ఎర్రబరుస్తుంది, రోసేసియాను రేపుతుంది, అందులో సందేహం లేదు. కానీ చుక్క ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది, ముక్కు మందమయ్యే రకంతో సహా. చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా మద్యనిషేధం ఉండేది. దాని వెనక ఎందరో ఆడవాళ్ల పోరాటం ఉంది. తాగుడు అంత పెద్ద సామాజిక సమస్యగా ఉన్న చోట, ఎర్రముక్కు ఉన్న మనిషి మీద ఏ ముద్ర పడుతుందో ఊహించవచ్చు. పెళ్లి సంబంధాల్లో, పని దగ్గర ఆ ముద్ర మనిషిని కుంగదీస్తుంది. కుంగుబాటు, ఒత్తిడి మళ్లీ ఆ జబ్బునే పెంచుతాయి. ముక్కును చూసి తాగుబోతని తేల్చడం తప్పు.

దుమ్ము గురించి ఒక్క మాట. బొగ్గుధూళే రోసేసియా తెస్తుందనడానికి గట్టి రుజువు లేదు. దుమ్మును వదిలించుకునే తీరు మాత్రం కచ్చితంగా హాని చేస్తుంది. షిఫ్టు అయ్యాక మొహం మీది నలుపు పోవాలని బట్టల సబ్బుతోనో, గరుకు పీచుతోనో, వేడినీళ్లతోనో రుద్దితే చర్మం పైపొర చిరుగుతుంది. రోసేసియా ఉన్నవాళ్లలో ఆ పొర మొదటే బలహీనం, లోపలి తేమను పట్టి ఉంచలేదు. గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, వేళ్ల కొసలతో మాత్రమే రుద్దడం, తుడుచుకున్న వెంటనే వాసన లేని మాయిశ్చరైజర్: ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందులతో కొందరికి మొహం ఎర్రబడుతుంది. అనుమానం వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి గానీ బీపీ మందు సొంతంగా ఆపకూడదు. నెలసరి ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లు కూడా దీనికి తోడవుతాయి.

ఇంతదాకా చెప్పినవన్నీ ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నవే. మన దేశంలో పెద్ద కారణం ఇంకొకటుంది, అది మెడికల్ షాపులో దొరికే ట్యూబు. స్టెరాయిడ్ కలిసిన క్రీము. చర్మం మీద పూసే స్టెరాయిడ్లు 1952లో వైద్యంలోకి వచ్చాయి, ఎగ్జిమా లాంటి జబ్బుల్లో రోగుల బతుకు మార్చాయి. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే అవి గొప్ప మందులే. మొహానికి నెలల తరబడి పూస్తే ఏమవుతుందో కూడా చాలాకాలంగా తెలుసు. 1974లో అమెరికన్ చర్మవైద్యులు లేడెన్, క్లిగ్‌మన్, వాళ్ల సహచరుడు దాన్ని స్టెరాయిడ్ రోసేసియా అన్నారు. మన చర్మవైద్యులు స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న మొహం అంటున్నారు.

అది జరిగే తీరు క్రూరంగా ఉంటుంది. స్టెరాయిడ్ రాసిన కొద్ది రోజులకే రక్తనాళాలు ముడుచుకుని ఎరుపు పోతుంది, పొక్కులు అణుగుతాయి, చర్మం తెల్లబడ్డట్టు కనిపిస్తుంది. అద్దం ముందు నిలబడ్డ మనిషికి ఇంతకన్నా మంచి మందు లేదనిపిస్తుంది. లోపల చర్మం పలచబడుతూ, డెమొడెక్స్ పెరుగుతూ ఉంటాయి. ఒకటి రెండు రోజులు రాయకపోతే బిగిసిన నాళాలు ఒక్కసారిగా తెరుచుకుని మొహం మునుపటికన్నా ఎర్రగా వాచి మండుతుంది. భయంతో మళ్లీ రాస్తారు. మళ్లీ తగ్గుతుంది. ఇలా మొదలుపెట్టినవాళ్లు నెలలు, ఏళ్లు ఆ ట్యూబుకు బందీ అవుతారు. జబ్బును తగ్గిస్తోందనుకున్న మందే జబ్బు అయిందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు తక్కువ.

ఇది ఎంత విస్తరించిందో 2011లో భారత చర్మవైద్యుల పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. దేశంలో పలు కేంద్రాల్లో మొహం జబ్బులతో వచ్చిన 2,926 మందిని అడిగితే 433 మంది, అంటే 14.8 శాతం, మొహానికి స్టెరాయిడ్ వాడుతున్నారు. అందులో సగానికి పైగా మందికి దాన్ని చెప్పింది డాక్టరు కాదు. తెల్లబడటానికి కొందరు, మొటిమలకు కొందరు, ఊరికే రోజూ రాసుకునే క్రీముగా కొందరు. భారత చర్మవైద్యుల సంఘం దీని మీద ప్రత్యేకంగా కార్యదళం పెట్టి పోరాడింది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ల పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. చట్టం మంచిదే. కౌంటరు దగ్గర ‘మొహానికి ఏదైనా ఇవ్వండి’ అన్నవాళ్లకు ట్యూబు ఇవ్వడం మాత్రం పూర్తిగా ఆగలేదు. ఊళ్లో ఆర్ఎంపీ రాసినవి, తామరకని తెచ్చుకుని మిగిలిన మూడు మందుల మిశ్రమం, మంగుకని పక్కింటామె ఇచ్చినది: అన్నింటిలోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్ అనే పేర్లలో ఏదున్నా అది స్టెరాయిడే. ఇంత హాని వెనక ఉన్నది తెలుపు మీద మన సమాజానికున్న మోజు. నల్లగా ఉన్న పిల్లకు సంబంధం రాదన్న భయంతో తల్లే ట్యూబు తెచ్చి ఇస్తుంటే, ఒక్క మందుల షాపును తిట్టి ప్రయోజనం లేదు.

అలా వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఇవాళే ట్యూబు పారేయాలనుకుంటే, ముందు చర్మవైద్యుణ్ని కలవాలి. ఆపాక వచ్చే మంట, వాపు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. ఎలా తగ్గించుకుంటూ రావాలో, ఆ మధ్యలో డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు ఎప్పుడు ఇవ్వాలో వాళ్లు చూస్తారు. గర్భిణులకు ఆ మాత్ర పనికిరాదు. మంట పెరిగిందంటే మందు వికటించిందని కాదు, చర్మం కోలుకునే దారిలో ఉందని ముందే తెలిస్తే మనిషి నిలబడగలడు.

మొహం మీది ప్రతి ఎరుపూ రోసేసియా కాదు. లూపస్ కూడా బుగ్గలు, ముక్కు మీద ఎర్రటి దద్దురుతో వస్తుంది. అందులో సాధారణంగా ముక్కు పక్క ముడతలు ఎర్రబడవు, కీళ్లనొప్పులు, జ్వరం, అలసట తోడుంటాయి. చంద్రపూర్ జిల్లాలో ఇంకో భయం ఉంది. వరోరా దగ్గరి ఆనందవన్, 1949లో బాబా ఆమ్టే స్థాపించిన మహారోగి సేవా సమితి ఉన్న జిల్లా ఇది. కుష్ఠు ఏం చేస్తుందో, దాని వెంట వెలి ఎలా వస్తుందో ఇక్కడివాళ్లు కళ్లారా చూశారు. మొహం మీద మచ్చ, మందమైన చర్మం కనిపిస్తే ఆ అనుమానంతోనే దాచుకునేవాళ్లుంటారు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, రోసేసియాలో అతిగా తెలుస్తుంది. అయితే మొహం మీద నరాలు దట్టంగా ఉండటం వల్ల కుష్ఠులోనూ స్పర్శ లోపం స్పష్టంగా బయటపడకపోవచ్చు. ఇంట్లో పిన్నుతో గుచ్చి చూసి తేల్చుకోవద్దు. ఏదైనా సరే, రెంటికీ మందుంది. కుష్ఠు మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

నిర్ధారణ అయ్యాక రోసేసియాకు మందులు చాలానే ఉన్నాయి: మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ పూతలు, తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్, నిలిచిపోయిన నాళాలకు లేజర్. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. చంద్రపూర్‌లో ఆ అదుపు సగం మందుల వల్ల వస్తే సగం ఎండను దాటే ఉపాయాల వల్ల రావాలి. విదర్భలో ఆడామగా బండి ఎక్కితే మొహానికి చుట్టుకునే తెల్లటి దుపట్టా మంచి రక్షణ. దాన్ని తడిపి కట్టుకుంటే వేడి నుంచి కూడా. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ఈ చర్మానికి మిగతావాటికన్నా తక్కువ మంట పుట్టిస్తుంది, కానీ మన రంగు మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. లేత గోధుమరంగు కలిపినవి దొరుకుతున్నాయి, అవి నయం. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను, రొట్టెలు పొద్దున్నే చల్లపూట కాల్చుకోవడం, పక్కన చల్లటి తడిగుడ్డ. గనిలోనూ ఫ్యాక్టరీలోనూ మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండలో పని తగ్గించడం, నీడలో విరామం ఇవ్వడం యాజమాన్యాల చేతిలో ఉంది. వడదెబ్బ తగలకుండా చేసే ఏర్పాటే రోసేసియా రోగికి కూడా మందు అవుతుంది.

కళ్లను మాత్రం ఎవరూ నిర్లక్ష్యం చేయకూడదు. బొగ్గు ఊళ్లో కళ్లు ఎర్రగా ఉంటే దుమ్ము పడిందని చుక్కల మందు వేసుకుని ఊరుకుంటారు. ఆ చుక్కల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు, నెలల తరబడి వేస్తే కంటిలో పీడనం పెరిగి గ్లకోమా వచ్చే ప్రమాదం ఉంది. రోసేసియా కంటికి పాకితే రెప్పల అంచుల్లోని నూనె గ్రంథులు మూసుకుపోతాయి, తీవ్రమైతే నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు పుండు పడి చూపు తగ్గుతుంది. కొందరిలో మొహం కన్నా కళ్లే ముందు చెడతాయి. వెలుతురు చూడలేకపోవడం, నొప్పి, మసక మొదలైతే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

2015 నుంచి చంద్రపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. చర్మం ఓపీకి మొహం మంటతో వచ్చే ప్రతి రోగినీ మరాఠీలోనో, తెలుగులోనో, హిందీలోనో నాలుగు మాటలు అడిగి రాసుకోవచ్చు: ఏ ట్యూబు రాశావు, ఎన్నాళ్లు, ఏ పని చేస్తావు, ఎంతసేపు వేడి దగ్గర, మొహం దేనితో కడుగుతావు, కళ్లు మండుతాయా. ఒక వేసవి నుంచి మరో వేసవి దాకా ఆ జవాబులు పోగుచేస్తే, మన చర్మం మీద, మన ఎండలో ఈ జబ్బు ఎలా నడుస్తుందో చెప్పే లెక్క తయారవుతుంది. ఆ లెక్క చంద్రపూర్‌తో పాటు ఇలాంటి బొగ్గు ఊళ్లయిన రామగుండానికీ, కొత్తగూడేనికీ, మంచిర్యాలకూ పనికొస్తుంది.